మిల్ట్రీ కాకా మోసిన అబద్ధం

మా కాకా పోయి నాలుగు నెలలైంది. ఆయన నాకు వరుసకు కాకా కాదు, చుట్టమూ కాదు. నారాయణఖేడ్‌లో మోటర్లు కట్టే షాపు నడిపిన మనిషి. అంతకుముందు పదిహేడేండ్లు సైన్యంలో బండ్లు బాగుచేసే పనిలో ఉండి వచ్చాడు కాబట్టి అందరూ మిల్ట్రీ కాకా అనేవారు. ఆ షాపులో నేను ఇరవై రెండేండ్లు పనిచేశాను. కాలిపోయిన మోటర్లలో పాత రాగితీగ పీకి కొత్త తీగ చుట్టడం నా పని. కండ్లకు పొర వచ్చి సన్నతీగ రెండుగా కనబడడం మొదలయ్యాక మానేశాను. మరో రెండేండ్లకు షాపు కూడా మూతపడింది.

ఆయన పదకొండో దినానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి చాలామంది వచ్చారు. సైన్యంలో పనిచేసి వచ్చిన ముసలివాళ్లు నలుగురు ఇస్త్రీ చేసిన చొక్కాలు వేసుకుని ఒకే బెంచీ మీద కూర్చున్నారు. బంతిలో కూర్చున్న రైతులు ఒకరి తర్వాత ఒకరు అదే మాట అన్నారు. ఆయన చేతిలో ఎన్నడూ తప్పు జరగలేదట. నేను తల వంచుకుని వడ్డిస్తున్నాను. ఆ మాట నిజం కాదని అక్కడ ఇద్దరికే తెలుసు, నాకూ ఆయన భార్యకూ. అందరూ వెళ్లాక ఆమె నా చెయ్యి పట్టుకుని, "నువ్వు రాయి బిడ్డా. పోయినంక చెప్పుమన్నడు గద" అంది. అవును, అన్నాడు. బతికుండగా వద్దనీ, తను పోయాక మాత్రం పని నేర్చుకునేవాళ్లకు చెప్పమనీ అన్నాడు.

కాబట్టి ఐటీఐలో చదువుతున్న పిల్లలారా, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని తిరిగే ఆడపిల్లలారా, ఇది మీకోసం.

నేను ఆ షాపులో ఎట్లా పడ్డానో ముందు చెప్పాలి. నాకప్పుడు ఇరవై నాలుగేండ్లు. నా భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయి, నెలకోసారి వచ్చేవాడు. నేను ఇంట్లో బీడీలు చుట్టేదాన్ని. ఒక ఎండాకాలం మా నాయన మోటరు కాలిపోతే ఆయన వెంట షాపుకు వచ్చాను. కాకా పాత చుట్టలోని తీగను ఒక్కొక్క వరుస విప్పుతూ లెక్కపెడుతున్నాడు. పాతది ఎన్ని చుట్లుంటే కొత్తది అన్నే చుట్టాలి. మధ్యలో ఎవరో వచ్చి పలకరించేసరికి ఆయన లెక్క తప్పింది. గోడకానుకుని కూర్చున్న నేను, "నలభై ఆరు" అన్నాను. ఆయన నావైపు చూసి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకున్నాడు. నలభై ఆరే. మోటరు తీసుకుపోవడానికి వచ్చిన రోజు మా నాయనతో, ఈమె వేళ్లు బీడీలకు ఎందుకు, నా దగ్గరికి పంపు అన్నాడు.

బజార్లో జనం కొన్నాళ్లు వింతగా చూశారు. మోటరు తెచ్చిన రైతులు నన్ను చూసి, కాకా ఎప్పుడొస్తడు అని అడిగేవారు. కాకా అక్కడే ఉన్నా, "గామె చెప్తది, గామెనడుగు" అని తలెత్తకుండా చెప్పేవాడు. ఆరు నెలలకు వాళ్లే నన్ను వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు.

కాకా పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. పొద్దున ఎనిమిదింటికి షట్టరు లేచిందంటే లేచినట్టే. పనిముట్లు ఏవి ఎక్కడ ఉండాలో అక్కడే ఉండాలి. సైన్యం ముచ్చట్లు చెప్పమని ఎవరడిగినా, చలి బాగుంటదని మాత్రం చెప్పి ఊరుకునేవాడు. ఇంకో వింత ఏమిటంటే, అన్నేండ్లు బండ్ల మీద పనిచేసిన మనిషి ఊళ్లో ఒక్క జీపునూ ట్రాక్టరునూ ముట్టేవాడు కాదు. బతిమాలినా, పక్క గల్లీలో వేరే మెకానిక్ ఉన్నాడని పంపేసేవాడు. మోటరు కట్టడం ఆయన తిరిగి వచ్చాక నేర్చుకున్న విద్య. అది గర్వమేమో అనుకునేదాన్ని.

షాపులో ఒకే ఒక్క కట్టుబాటు ఉండేది. మోటరు కట్టి, వార్నిషు పోసి, రోజంతా ఎండలో ఆరబెట్టాక బల్బు పరీక్ష చెయ్యాలి. కరెంటు తీగకు ఒక బల్బు తగిలించి, ఒక కొస మోటరు లోపలి తీగకూ ఇంకో కొస బయటి ఇనుముకూ ఆనించాలి. బల్బు వెలగకపోతే మంచిది. వెలిగిందంటే లోపలి కరెంటు ఇనుములోకి వస్తున్నట్టు. ఆ ఇనుము మీద చెయ్యి వేసినవాడు చస్తాడు. బల్బు పెట్టకుండా మోటరు గడప దాటొద్దన్నది కాకా నాకు చెప్పిన మొదటి మాట.

నేను చేరి మూడేండ్లు దాటాక ఒక ఎండాకాలం అది జరిగింది.

కాకా రాగితీగ తేవడానికి హైదరాబాద్ పోయాడు, రెండు రోజులు రాడు. సిర్గాపూర్ దిక్కు నుంచి ఒక రైతు మోటరు ఆటోలో వేసుకుని వచ్చాడు. ముప్పై ఏండ్లుంటాయేమో. ఎకరం చెరుకు ఉందనీ, నీళ్లు పెట్టి ఆరు రోజులైందనీ, ఆకులు చుట్టుకుపోతున్నాయనీ చెప్పాడు. నేను ఆ రోజంతా, మరునాడు పొద్దున కూర్చుని కట్టాను. వార్నిషు పోసి ఎండలో పెట్టాను. మధ్యాహ్నం మూడింటికే అతను ఆటోతో వచ్చి నిలబడ్డాడు. రేపు రమ్మన్నాను. ఇయ్యాల తడవకపోతే రేపు వచ్చి లాభం లేదన్నాడు. అప్పుడే కరెంటు పోయింది. ఆటో అతను తొందరపెడుతున్నాడు. మూడేండ్లలో నేను కట్టిన ఒక్క మోటరుకు కూడా బల్బు వెలగలేదు. ఇదీ వెలగదనుకున్నాను. తీసుకుపొమ్మన్నాను.

మర్నాడు పొద్దున కాకా తీగ కట్టలతో దిగాడు. పదింటికి ఆ రైతు అన్న అదే ఆటోలో మోటరు వెనక్కి తెచ్చాడు. మోటరు నడుస్తుండగా ఇనుము వేడెక్కిందేమో చూద్దామని తమ్ముడు చెయ్యి ఆనించాడట. చెయ్యి అతుక్కుపోయింది. భార్య పక్కనే ఉండి ఎండిన కట్టెతో కొట్టి విడిపించింది. ప్రాణం ఉంది, కుడి అరచెయ్యి కాలిపోయింది, సంగారెడ్డి పెద్ద దవాఖానలో పడుకోబెట్టారు. ఈ మాటలు చెప్పి, "గీ మోటరు ఎవరు కట్టిన్రు?" అని అడిగాడు.

కాకా నా మొహం చూశాడు. "బల్బు పెట్టి చూసినవా బిడ్డా?"

"చూసిన కాకా" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఉద్యోగం పోతుందన్న భయం కాదు. ఆడమనిషి కట్టింది కాబట్టే ఇట్లా అయిందంటారని భయం. ఆ ఒక్క క్షణంలో నోరు దానంతట అదే మాట్లాడింది.

కాకా మోటరు విప్పాడు. తీగకూ ఇనుముకూ మధ్య పెట్టే కాగితం ఒక చోట చిరిగింది. ఆ చిరుగులోంచి తీగ ఇనుముకు ఆనింది. ఆయన బొటనవేలితో చుట్ట మీద ఒత్తి చూశాడు. వార్నిషు వేలికి అంటుకుంది. వేలు గుడ్డకు తుడుచుకుని లేచి, షాపు తనది కాబట్టి తప్పు కూడా తనదేనని రైతు అన్నతో చెప్పాడు. ఆ మనిషి కోపంగా వచ్చాడు కదా, మాట విసిరాడు. "మిల్ట్రీల గిదేనా నేర్చుకున్నది?"

కాకా మొహం అట్లా అవడం నేనెన్నడూ చూడలేదు. ఎవరో చెంపమీద కొట్టినట్టు కాదు, ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్న మనిషి ఇంటికి వచ్చినట్టు ఉంది. నేను పక్కన నిలబడే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆయన ఆ మోటరు మళ్లీ కట్టి, ఆరబెట్టి, బల్బు పెట్టి, తనే ఆటోలో తీసుకుపోయి బావి దగ్గర బిగించి వచ్చాడు. మూడు రోజులు నాతో మామూలుగానే మాట్లాడాడు. చాయ తెప్పించాడు. నేను కట్టిన చుట్టలు బాగున్నాయన్నాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. నా బిడ్డ అప్పటికి రెండో తరగతి, ఎందుకమ్మా మాట్లాడవని అడిగేది.

నాలుగో రోజు షాపుకు పోకుండా సంగారెడ్డి బస్సెక్కాను. దవాఖాన వరండాలో ఆ రైతు భార్య కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. మోటరు కట్టింది నేననీ, పరీక్ష చెయ్యకుండా ఇచ్చాననీ, చేశానని అబద్ధం చెప్పాననీ, ఆ ముసలాయనకు ఏ పాపమూ తెలియదనీ చెప్పాను. ఆమె చాలాసేపు నా చేతుల దిక్కే చూసింది.

"గాయన కుడిచెయ్యి అది" అంది. "ఇగ ముద్ద ఎట్ల కలుపుకుంటడు?"

ఆమె లోపలికి పోయి అతనితో చెప్పినట్టుంది. అతను పిలిపించాడు. చేతికి కట్టుతో పడుకుని ఉన్నాడు. తిడతాడనుకున్నాను. మోటరు నీళ్లు పోస్తుందా, చెరుకు తడిసిందా అని అడిగాడు. తడిసిందని చెప్పాను. కండ్లు మూసుకున్నాడు. నేను బయటికి వస్తుంటే ఆమె వెనక నుంచి, "నువ్వు చెప్పకుంటె మాకు తెల్వకపోతుండె. చెప్పినవు. ఇగ పో" అంది. అతని చెయ్యి నిలిచింది గానీ రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. ఈ సంగతి నేను తేలిగ్గా రాయడం లేదు.

మర్నాడు కాకా ముందు నిలబడి, "బల్బు పెట్టలే కాకా. కరెంటు లేకుండె. నీతోని అబద్ధం చెప్పిన" అన్నాను. దవాఖానకు పోయి వచ్చిన సంగతి కూడా చెప్పాను.

"నాకెరుకే" అన్నాడు. "వార్నిషు పచ్చిగుండె."

తెలిసి కూడా నన్ను మళ్లీ ఎందుకు అడగలేదని అడిగాను. ఆయన లేచి షట్టరు సగం దించాడు. పట్టపగలు ఆ షట్టరు దిగడం నేను చూడడం అదే మొదటిసారి. స్టూలు మీద కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని చెప్పాడు.

సైన్యంలో ఉండగా మంచుకొండల్లో ఒకచోట ఆయనకు బండ్లు చూసే పని. అక్కడ ఒక డ్రైవర్ ఉండేవాడు, బీదర్ అవతల పల్లెవాడు. నారాయణఖేడ్‌కు రెండు మూడు గంటల దూరం అంతే. అతనిది కన్నడం, ఈయనది తెలుగు. అంత దూరంలో ఇంటి మాటకు దగ్గరగా మాట్లాడేవాడు ఒకడు దొరికితే అన్నదమ్ముడే. ఒకే పళ్లెంలో తినేవారు. ఒక పొద్దున వరసగా బండ్లు బయలుదేరాలి. బ్రేకులు పరీక్ష చేశానని కాకా కాగితం మీద సంతకం పెట్టాలి. వేళ్లు కొంకర్లు పోయే చలి, పైవాళ్ల తొందర. అన్ని బండ్లూ చూసి చివరి బండిని చూడకుండానే సంతకం పెట్టాడు. ఆ బండి ఆ డ్రైవర్‌దే. ఒక మలుపులో లోయలోకి పోయింది.

విచారణలో, పరీక్ష చేశావా అని అడిగారు. చేశానన్నాడు. దారి మీద మంచు వల్ల జరిగిందని రాసుకున్నారు. ఆయన మీద ఏ మచ్చా పడలేదు.

"నిన్నేమని అడుగుదు బిడ్డా?" అన్నాడు. "నువ్వు నాలుగు దినాలల్ల జేసింది నేను ఇరవై ఏండ్లల్ల చెయ్యలే."

బయట ఎవరో షట్టరు తట్టి వెళ్లిపోయారు. చివరికి ఆయన, ఆ డ్రైవర్ తల్లి ఇంకా బతికే ఉందనీ, బీదర్ నుంచి వచ్చే ఒక మనిషి ద్వారా ఏటా తెలుసుకుంటున్నాననీ చెప్పాడు. తర్వాత నేలచూపు చూస్తూ అడిగాడు. "నా ఎంబడి వస్తవా?"

ఆ ఆదివారం ముగ్గురం పోవలసింది. ఆయన భార్యకు అంతకుముందు రోజే అంతా చెప్పాడు. ఆమె చీర కూడా కట్టుకుని, చివరి నిమిషంలో గడప దగ్గరే ఆగిపోయింది. మేమిద్దరం బీదర్ బస్సెక్కాం. అక్కడి నుంచి జీపు. ఆయన పల్లె దగ్గర దిగి, ఇల్లు కనుక్కుని, ఆ సందు మొగదాల నిలబడిపోయాడు. తిరిగిపోదామంటాడనుకున్నాను. చెమట తుడుచుకుని నడిచాడు.

ముసలమ్మ వాకిట్లో చేటలో జొన్నలు చెరుగుతోంది. లోపల గోడమీద యూనిఫారంలో ఉన్న కొడుకు ఫోటో. మీ కొడుకుతో పనిచేసిన వాణ్నని కాకా తెలిసిన కన్నడంలో చెప్పాడు. సరిహద్దు ఊరు, మన తెలుగు ఆమెకూ కొంత తెలుసు. ఆమె చేట పక్కన పెట్టి లేచి, రెండు చేతులతో ఆయన మొహం తడిమింది. నవ్వింది. కూర్చోమంది, చాయ పెడతానంది, ఇన్నేండ్లకు నా కొడుకు దోస్తు వచ్చిండని పక్కింటామెను కేక వేసి పిలవబోయింది.

నేనైతే అక్కడే ఆగిపోయేదాన్ని. చాయ తాగి, ఫోటోకు దండం పెట్టి వచ్చేసేదాన్ని. కాకా పక్కింటామెను పిలవవద్దని ఆపాడు. నిలబడే ఉన్నాడు. బ్రేకు చూడలేదని చెప్పాడు. చూశానని అబద్ధం చెప్పానని కూడా చెప్పాడు. మంచు కాదమ్మా, నేనే అన్నాడు. భాష చాలనిచోట చేతులతో చెప్పాడు.

ఆమె మెల్లగా మళ్లీ చేట ముందు కూర్చుంది. చెరగలేదు. ఎంతసేపటికో అడిగింది, ఇన్నేండ్లు నీకు తొవ్వ దొరకలేదా అని. దొరికింది, కాళ్లు రాలేదన్నాడు. ఆ తర్వాత తలెత్తి ఇంకొక్కటి అడిగింది.

"ఆ దిన ఊట మాడిద్నా?"

ఆ రోజు వాడు అన్నం తిన్నాడా అని. సర్కారు ఉత్తరంలో ఆ సంగతి ఎందుకుంటుంది? ఇరవై ఏండ్లుగా ఆమెకు చెప్పగలిగినవాడు లోకంలో ఒక్కడే, అతనే రాలేదు.

"తిన్నడమ్మా" అన్నాడు కాకా. "నేను, వాడు కలిసి తిన్నం. రొట్టె, పప్పు. నాది కూడ సగం వాడే తిన్నడు."

ఆమె లేచి లోపలికి పోయింది. తలుపు వేసుకోలేదు. మేం ఎండలో నిలబడే ఉన్నాం. పోదామా అన్నట్టు చూశాను, ఆయన కదలలేదు. చాలాసేపటికి ఆమె రెండు పళ్లాల్లో జొన్నరొట్టె, గోంగూర పప్పు తెచ్చి అరుగు మీద పెట్టింది. మాకు వీపు చేసి గోడవైపు తిరిగి కూర్చుంది. ఆయన తిన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఏడ్చాడు, ఏడుస్తూనే మొత్తం తిన్నాడు. మేం లేచినప్పుడు ఆమె మళ్లీ రమ్మనలేదు, రావద్దని కూడా అనలేదు.

క్షమించిందా అని మీరడుగుతారు. నాకు తెలియదు. కాకా కూడా ఆ మాట ఎన్నడూ అనలేదు. ఏటా ఎండాకాలం ఒకరోజు పోయి వచ్చేవాడు. వెళ్లినప్పుడల్లా ఆమె కొడుకు గురించి ఏదో ఒకటి అడిగేదట. చలికి ఏం కప్పుకునేవాడు, ఎవరితోనైనా కొట్లాడేవాడా, నా పేరు తలిచేవాడా. ఈయన గుర్తున్నంత చెప్పేవాడు, గుర్తులేనిది గుర్తులేదనేవాడు. ఆమె పోయేదాకా అట్లా ఏడెనిమిదిసార్లు పోయాడు.

ఇటు షాపులో బయటికి కనబడే మార్పు పెద్దగా లేదు. బల్బు పరీక్ష మాత్రం మోటరు యజమాని ఎదుటే, అతని చేతికే తీగ ఇచ్చి చేయించేవాడు. ఒక రోజు కల్హేర్ నుంచి ఒకాయన ట్రాక్టరు తెచ్చి, బ్రేకు పడతలేదు, పక్క గల్లీ మెకానిక్ ఊళ్లో లేడన్నాడు. ఎప్పటిలా పంపేస్తాడనుకున్నాను. ఆయన సంచి పరుచుకుని ట్రాక్టరు కింద పండుకున్నాడు. గంటసేపు అక్కడే ఉన్నాడు. బయటికి వచ్చాక తనే ఎక్కి, రోడ్డు మీద నాలుగుసార్లు నడిపి, నాలుగుసార్లు ఆపి చూసి ఇచ్చాడు.

నేను ఆ తర్వాత తప్పులు చెయ్యలేదని కాదు. చాలా చేశాను. తీగ సైజు మార్చి చుట్టాను, కనెక్షన్ తిప్పి ఇచ్చాను, ఒకసారి ఒకరి మోటరు ఇంకొకరికి పంపాను. కానీ చేసిన పూటే పోయి కాకాకు చెప్పేదాన్ని. ఆయన వినేవాడు. అంతే. ఆయన వినడం వల్ల తప్పు చిన్నదయ్యేది కాదు, దాన్ని మొయ్యడం తేలికయ్యేది. నేను పని మానేశాక కూడా ఇంటి సంగతులు, బిడ్డతో పెట్టుకున్న పంచాయతీలు, నేను అనకూడని మాటలు అన్నవి, అన్నీ ఆయన ఇంటికి పోయి చెప్పి వచ్చేదాన్ని.

మొన్న ఆదివారం పక్కింటి అమ్మాయి టేబుల్ ఫ్యాను తెచ్చి, నిదానంగా తిరుగుతుంది చూడు పెద్దమ్మా అంది. చేతికి పని దొరికిందన్న ఉబలాటంలో అద్దాలు కూడా పెట్టుకోకుండా విప్పాను. తీగలు తారుమారు చేసి బిగించాను. స్విచ్ వేయగానే కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. ఆ పిల్ల నవ్వి, పాతదే పెద్దమ్మా, పోతే పోయింది అని చాయకు నీళ్లు పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను లేచి చెప్పులేసుకుని గబగబా నడిచాను. కూరగాయల మార్కెట్ దాటాను. కాకాతో ఏమని మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను, చూడు కాకా, ముసలితనంల అద్దాలు లేకుండ పనికి కూసున్న అని.

ఆయన ఇంటి మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

తలుపు దగ్గరికి వేసి ఉంది. అరుగు మీద ఎవరూ లేరు. కాసేపు అక్కడే ఎండలో నిలబడి, మెల్లగా వెనక్కి నడిచాను. పక్కింటి అమ్మాయికి, ఫ్యాను పాతదై కాలిపోలేదు, నేనే కాల్చానని చెప్పాను. ఆ పిల్లకు నేనెందుకు అంత గట్టిగా చెబుతున్నానో అర్థం కాలేదు. "పోనీ తియ్యి పెద్దమ్మా" అని చాయ చేతికిచ్చింది. గడపలో కూర్చుని తాగాను.